మొదటి పిలుపు

మా అత్తయ్య పోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్ళంతా ఒకే మాట అన్నారు. "ఆ మడిసికి భయమంటే ఏందో తెలీదమ్మా" అని. అరుగు మీద కూర్చున్న మగవాళ్ళూ అదే అన్నారు, లోపల నా పక్కన చేరిన ఆడవాళ్ళూ అదే అన్నారు. నేను తల ఊపి ఊరుకున్నాను. చావింట్లో ఒకరి మాట దిద్దడం బాగుండదు. కానీ ఆ మాట నిజం కాదు. నేను ఆమెతో ఒకే కప్పు కింద ఏళ్ళ తరబడి బతికాను. అంత భయస్థురాలిని మరొకరిని చూడలేదు.

ఆమెకు ఉరుమంటే భయం. బల్లి మీద పడితే భయం. పిల్లి ఎదురొస్తే వెనక్కి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరేది. దీపం పెట్టాక ఇంట్లో సూది పేరు ఎత్తనిచ్చేది కాదు. పాముని పాము అనేది కాదు, పురుగు అనేది. దయ్యాలున్నాయంటారా అని నేను కొత్తలో ఒకసారి అడిగాను. దొడ్లో ఎద్దులున్నాయా అని అడిగినట్టు నా వంక చూసింది.

మా నాన్న గుంటూరులో బడిపంతులు. ఇంట్లో పుస్తకాలుండేవి కాబట్టి వీరుల కథలు చిన్నప్పటి నుంచీ చదివాను. ఆ కథల్లో భయపడేవాళ్ళు పక్కన నిలబడి చూస్తుంటారు, భయం లేనివాళ్ళు ముందుకు పోతారు. అది ఎంతవరకు నిజమో నాకు అత్తగారింట్లో తెలిసింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను ఆ ఇంటికి రెండో కోడల్ని. మా ఆయన మొదటి భార్య పోయిన ఏడాదికి నన్నిచ్చి చేశారు. ఊరు సత్తెనపల్లికి ఎడంగా, నల్లరేగడి నేలల మధ్య ఉంటుంది. పత్తి, మిరప తప్ప మరొకటి కనిపించదు. ఎండాకాలం వస్తే నేల నెర్రెలు విచ్చి, చెయ్యి పెడితే మోచేయి దాకా పోయేది. పట్నంలో పుట్టిన నాకు ఆ ఊరి నిశ్శబ్దం కొత్త.

పెళ్ళయ్యాక మొదటిసారి పుట్టింటికి వెళ్ళి తిరిగొచ్చిన రోజు బాగా గుర్తుంది. సత్తెనపల్లిలో బస్సు దిగి, బండి కట్టుకుని వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. తలుపు మూసి ఉంది. ఆయన గడప ముందు నిలబడి "అమ్మా" అని పిలిచారు. లోపల అడుగుల చప్పుడయింది. చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. తలుపు సందులోంచి దీపం వెలుగు పడుతోంది. ఆ వెలుగుకి అడ్డంగా ఒక మనిషి నిలబడి ఉంది. ఆమె ఊపిరి కూడా నాకు వినిపించింది. కానీ పలకలేదు, గొళ్ళెం తీయలేదు.

ఆయన మళ్ళీ పిలిచారు. ఆ మనిషి కదల్లేదు. నేను ఆయన మొహం చూశాను. ఆయన నేల చూస్తున్నారు. మూడోసారి పిలిచాక గొళ్ళెం తీసిన చప్పుడయింది.

"ఏందిరా ఇంత పొద్దుపోయింది? అన్నం చల్లారిపోయింది. రామ్మా, రా" అంది అత్తయ్య, ఏమీ జరగనట్టు.

నేను రావడం ఆమెకి ఇష్టం లేదేమో అనుకుని ఆ రాత్రి ఏడ్చాను. మర్నాడు పక్కింటి ముసలమ్మ చెప్పింది.

"ఒక్క పిలుపుకి పలక్కూడదమ్మాయ్. మడిసైతే మూడుసార్లు పిలుస్తాడు. అది అయితే ఒకసారే పిలుస్తుంది. మరీ గట్టిదైతే రెండుసార్లు. మూడోసారికి దానికి సత్తువ చాలదు."

"పలికితే ఏమవుతుంది?"

"ఆ ఇంట్లో ఒక పానం పోద్ది. పలికినోళ్ళది పోదు. ఎవురు బలహీనంగా ఉంటే వాళ్ళది. పసిబిడ్డో, మంచాన పడ్డోళ్ళో, కడుపుతో ఉన్నదో."

ఇలాంటి మాట గుంటూరులోనూ విన్నాను. అక్కడ అది పెద్దవాళ్ళు పిల్లల్ని భయపెట్టడానికి చెప్పే మాట. ఇక్కడ దాన్ని అందరూ పాటించేవాళ్ళు. మజ్జిగమ్మే ఆమె మా గుమ్మం ముందు "మజ్జిగ, మజ్జిగ, మజ్జిగ!" అని గుక్క తిప్పుకోకుండా అరిచి, "మూడూ నేనేనమ్మోయ్, తలుపు తియ్యండి, నెత్తిన కుండుంది" అనేది. మా మిరపకాయల బస్తాలు గుంటూరు తోలే సాయిబు ఒకాయన ఉండేవాడు. అత్తయ్యని అక్కా అని పిలిచేవాడు. "అక్కా, నేను సచ్చి దయ్యమైతే నాలుగుసార్లు పిలుస్తా. అప్పుడేం చేస్తావో చూస్తా" అనేవాడు. "నీ నోట్లో మట్టిపడ, దిగరా బండి" అనేది అత్తయ్య. అందరూ నవ్వేవాళ్ళు. కానీ నవ్వినవాళ్ళు కూడా ఇంటికెళ్ళి మూడుసార్లే పిలిచేవాళ్ళు.

ఆ అలవాటుకి కొన్నాళ్ళకి నేనూ లొంగిపోయాను. ఎవరైనా బయట నుంచి పిలిస్తే నా చేతులు వాటంతట అవే ఆగిపోయేవి. పిలుపుకీ పిలుపుకీ మధ్య ఉండే ఆ కాసేపు ఊళ్ళో అన్ని ఇళ్ళల్లోనూ ఉండేది. వీధిలో నడుస్తుంటే ఒక్కో తలుపు వెనక ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టు అనిపించేది. అది ఊరికే అనిపించడం కాదు. నిజంగానే ఎవరో ఒకరు అలా నిలబడి ఉండేవాళ్ళు.

అంత గట్టిగా పాటించడం మొదటి కోడలు పోయిన తర్వాత మొదలయిందని ముసలమ్మే చెప్పింది. ఆ అమ్మాయి అత్తయ్యకి స్వయానా అన్నకూతురు. ఎత్తుకుని పెంచిన మేనకోడల్నే కోడలిగా తెచ్చుకుంది. మిరపకోతల్లో ఒక మధ్యాహ్నం పొలంలో దిగుడుబావికి నీళ్ళకి వెళ్ళి, పాచిమెట్ల మీద జారి పడిపోయింది. సాయంత్రం దాకా ఎవరికీ తెలియలేదు. తర్వాత ఆ బావి నీళ్ళు తాగడం మానేశారు. మిట్టమధ్యాహ్నం వేళ ఆ పక్క నుంచి పిలుపు వినిపిస్తోందని గొర్రెలు తోలేవాళ్ళు చెప్పారు, పత్తి తీసే ఆడవాళ్ళు చెప్పారు. ఆ అమ్మాయి "అత్తా" అని పిలిచేది. వినిపించేదీ అదే. నేను "అత్తయ్యా" అంటాను. ఆ ఇంట్లో "అత్తా" అనే మనిషి మళ్ళీ లేదు.

రెండో పెళ్ళివాళ్ళకి ఉండే ఆచారం ప్రకారం, పోయిన సవతి పేర చిన్న వెండి బిళ్ళ ఒకటి నా మెడలో వేశారు. ఎండలో పనిచేస్తుంటే అది కాలి ఒంటికి చురుక్కుమనేది. తీసి పక్కన పెట్టే ధైర్యం నాకు లేదు.

మా ఆయన బలమైన మనిషి. ఆ చుట్టుపక్కల బండలాగే పందేల్లో ఆయన ఎడ్లకి పేరుంది. ఎదురు తిరిగిన ఎద్దుని ముక్కుతాడు పట్టి ఒంటిచేత్తో నిలబెట్టడం నేను చూశాను. అంతటి మనిషి పొలంలో బావి ఉన్న నేలచెక్కలోకి అడుగుపెట్టేవారు కాదు. ఆ పక్క దున్నాలంటే పాలేరుని పంపేవారు. మొదటి భార్య గురించి నా ముందు ఒక్క మాట మాట్లాడలేదు.

మరుసటి ఏడు మిరపకోతల నాటికి నాకు ఆరో నెల. మా అమ్మ లేదు కాబట్టి పురుడు అత్తవారింట్లోనే అనుకున్నారు. ఒక్కదాన్నే ఇంట్లో ఉంచడం ఇష్టంలేక అత్తయ్య రోజూ నన్ను తనతోపాటు కళ్ళానికి తీసుకెళ్ళేది. కోసిన కాయల్ని అక్కడ ఎండబోసి, తాటాకు పందిరి కింద కూర్చుని తాలు ఏరేవాళ్ళం. రంగుపోయి తెల్లబడిన కాయని తాలు అంటారు. ఎర్రకాయల్లోంచి దాన్ని ఏరి పడేయడం కూర్చుని చేసే పనే. కళ్ళు మాత్రం మండుతాయి.

ఒకరోజు మిగతా ఆడవాళ్ళు అన్నాలకి వెళ్ళారు. పందిరి కింద మేమిద్దరమే ఉన్నాం. అత్తయ్య చేట ఒళ్ళో పెట్టుకుని ఏరడం ఆపేసింది. నా మొహం చూడకుండా నా మెడలో బిళ్ళని చూస్తూ అంది.

"ఆ రోజు నాకు వినపడిందే."

నాకు మొదట అర్థం కాలేదు.

"ఇక్కడే కూర్చున్నా. ఇట్టాగే చేట ఉంది చేతిలో. అత్తా అంది. ఒక్కసారే. దాని గొంతే. మళ్ళీ పిలుస్తుందిలే, అప్పుడు పలుకుదామని చూశా. మళ్ళీ పిలవలా."

నేనూ ఏరడం ఆపేశాను.

"మిట్టమధ్యాన్నం. అందులో ఒక్క పిలుపు. ఎట్టా పలుకుతాం? నువ్వైతే పలికేదానివా?"

"తెలీదత్తయ్యా."

"మీ ఆయనకి చెప్పలా. మా అన్నకి చెప్పలా. మా అన్న వచ్చి నా ఒళ్ళో తలపెట్టుకుని ఏడిస్తే కూడా చెప్పలా."

"మళ్ళీ వినిపిస్తే ఏం చేస్తారు?"

ఆమె నా కడుపు వంక చూసింది. చేట ఎత్తి మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం అవుతోందంటే ఆమె మొహం మారిపోవడం నాకు కనిపించేది. ఎండ నెత్తిమీదికి వచ్చే వేళకి మాటలు మానేసేది. తల కొద్దిగా బావి పక్కకి వంచి వినేది. ఆ పిలుపు వస్తుందనే భయం, వస్తే పలకాలా వద్దా అన్న భయం, రెండూ ఆమెని పట్టుకున్నాయి. పలక్కపోతే మేనకోడల్ని రెండోసారి వదిలేసినట్టు. పలికితే నా కడుపులో బిడ్డ పోతుంది. ఇదంతా పిచ్చి అని చెప్పడానికి నేను చదువుకున్న చదువు సరిపోవాలి. కానీ ఆ పందిరి కింద ఆమె పక్కన కూర్చుని నేనూ వినేదాన్ని.

ఆఖరి కోతకి పొదిలి వైపు నుంచి కూలీలు వచ్చారు. అక్కడ వానలు లేక ఏటా ఇటు దిగేవాళ్ళు, పొలాల్లోనే గుడిసెలు వేసుకునేవాళ్ళు. బావి దగ్గరికి పోవద్దని వాళ్ళకి చెప్పాం. ఎందుకో చెప్పలేదు. చెబితే బెదిరి మరో ఆసామి పొలానికి పోతారని పాలేరు భయం.

ఆ రోజు మా ఆయన బస్తాలతో గుంటూరు వెళ్ళారు. మధ్యాహ్నానికి గాలి పూర్తిగా పడిపోయింది. కళ్ళం నిండా మిరపకాయలు, వాటి మీద ఎండ. సాయిబు రెండో బండి తోలుకొచ్చి, ఎద్దుల్ని విప్పి, బండి కింద నీడలో పడుకున్నాడు. పందిరి కింద నేను, అత్తయ్య, పక్కింటి ముసలమ్మ, మరికొందరు ఆడవాళ్ళం తాలు ఏరుతున్నాం. ముసలమ్మ తన అల్లుడి తిండి గురించి ఏదో చెబుతోంది.

"అత్తా."

పెద్దగా ఏమీ లేదు. ఆడగొంతు. బావిలోంచి వచ్చే గొంతు ఎటు నుంచి వస్తుందో తెలియదు, నేలలోంచి వచ్చినట్టు ఉంటుంది. ముసలమ్మ మాట మధ్యలో ఆగిపోయింది. చేటల్లో కాయల చప్పుడు ఆగిపోయింది. ఎవరూ ఎవరి వంకా చూడలేదు. అందరూ రెండో పిలుపు కోసం వింటున్నారు. నా మెడలో బిళ్ళని నేను ఎప్పుడు పిడికిట్లో పట్టుకున్నానో నాకే తెలియదు.

రెండో పిలుపు రాలేదు.

"గమ్మునుండండి. ఎవురూ నోరు మెదపొద్దు" అంది ముసలమ్మ, పెదవులు కదలకుండా.

అత్తయ్య లేచి నిలబడింది.

"కూర్చోవే! నీకేమన్నా పిచ్చా? కోడలి కడుపు చూడు!" ముసలమ్మ ఆమె కొంగు పట్టుకుంది.

అత్తయ్య చూసింది. ముందు నా కడుపు వంక, తర్వాత నా కళ్ళలోకి. ఆమె నన్ను అడుగుతోందని నాకు తెలుసు. వెళ్ళమని అనలేకపోయాను, వద్దనీ అనలేకపోయాను. ఆమె తన చేతిలో చేట తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "ఇది పట్టుకో" అంది. కొంగు విడిపించుకుంది. తర్వాత బావి పక్కకి తిరిగి, ఆ నిశ్శబ్దంలోకి, గొంతు చీలిపోయేలా అరిచింది.

"వస్తన్నా! వస్తన్నానే తల్లీ!"

ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. ముసలమ్మ నెత్తి కొట్టుకుంది. "పలికింది. దేవుడా, పలికింది."

అత్తయ్య పరిగెత్తలేదు. పరిగెత్తే కాళ్ళు కావవి. తడబడుతూ, ఏదో అమ్మవారి పేరు గొణుక్కుంటూ నడిచింది. బండి దగ్గర ఆగి సాయిబుని కాలితో తట్టింది.

"ఒరేయ్ తమ్ముడూ, లెగు. మోకు తీసుకురా."

"ఎవురక్కా? ఏమయింది?"

"ఎవురైతే ఏందిరా? రా!"

నేను వాళ్ళ వెనకాల నా బరువుతో నేను నడిచి వెళ్ళేసరికి అత్తయ్య మెట్లు దిగుతోంది. నిలబడి దిగడం ఆమె వల్ల కాలేదు. చిన్నపిల్లలు దిగినట్టు కూర్చుని, ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి జరుగుతోంది. చీరంతా పాచి. అడుగున నీళ్ళు నల్లగా ఉన్నాయి. నీళ్ళ మీద జుట్టు పరుచుకుని ఉంది. ఒక చెయ్యి రాతిని పట్టుకుని ఉంది. మొహం కనిపించడం లేదు. ఆ రాతిని పట్టుకున్న వేళ్ళు తప్ప మరేదీ కదలడం లేదు.

సాయిబు మోకు చేతికి చుట్టుకుంటూ నా పక్కనే ఆగిపోయాడు. అతని మొహంలో హాస్యం లేదు.

అత్తయ్య ఆఖరి మెట్టు మీద కూర్చుంది. ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. బావి ఆ మాటల్ని ఒక్కొక్కటిగా పైకి తెచ్చింది.

"నేనేనే. అత్తనే. వచ్చా. ఆ పొద్దు రాలా, ఇప్పుడొచ్చా. నాకు భయమే. నన్ను తీసుకెళ్తే తీసుకెళ్ళు. ఆ పిల్ల జోలికి పోబాక. చెయ్యి ఇటివ్వు."

అప్పుడు నాకు తెలిసింది. ఆ నీళ్ళలో ఉన్నది బతికున్న మనిషని ఆమె అనుకోవడం లేదు. చచ్చిపోయిన మేనకోడలికి చెయ్యి అందిస్తోంది. ఆ చెయ్యి వణుకుతోంది. ఆమె మొహం పక్కకి తిప్పేసుకుంది, కళ్ళు గట్టిగా మూసుకుంది, చెయ్యి మాత్రం ముందుకే చాపింది.

నీళ్ళలో ఉన్న చెయ్యి రాతిని వదిలి ఆమె మణికట్టుని పట్టుకుంది. అత్తయ్య కేక పెట్టింది. అలాంటి కేక నేను మళ్ళీ వినలేదు, నా పురుట్లో కూడా. కానీ ఆమె చెయ్యి వదల్లేదు. రెండో చేత్తో కూడా పట్టుకుంది.

"లాగరా!" అని అరిచింది. అప్పుడు సాయిబు కదిలి మెట్లు దిగాడు.

ఇద్దరూ కలిసి మెట్టు మీదికి లాగారు. అత్తయ్య కళ్ళు తెరిచి, తడిసిన జుట్టు పక్కకి తోసి ఆ మొహం చూసింది. నల్లటి సన్నటి మొహం, గడ్డం మీద పచ్చబొట్టు. పొదిలి వైపు నుంచి వచ్చిన కూలీ పిల్ల. ఊపిరాడుతోంది. అత్తయ్య ఆ మొహాన్ని చాలాసేపు చూసింది. బుగ్గలు తడిమింది, నుదురు తడిమింది. ఇంకెవరి కోసమో వెతుకుతున్నట్టు నీళ్ళ వంక చూసింది, మళ్ళీ ఆ పిల్లని చూసింది.

"ఎవరమ్మా నువ్వు?" అంది.

పైకి తెచ్చి బోర్లా పడుకోబెట్టి నీళ్ళు కక్కించారు. కూలీల ముఠాలో పెద్దామె పరిగెత్తుకొచ్చి, బతికి ఉందని చూసుకుని, ముందు ఆ పిల్ల వీపు మీద ఒక్కటిచ్చింది. "ఆ బావికాడికి పోవద్దని చెప్పలేదంటే ముండా! దప్పికైతే కళ్ళం దాకా నడవలేవంటే!" అని తిట్టి, తర్వాత కావలించుకుని ఏడ్చింది. సాయిబు నేల మీద కూలబడి, మోకు చుట్ట చుడుతూ, "దయ్యం బరువుందక్కా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

కాస్త తేరుకున్నాక ఆ పిల్లని నేనే అడిగాను, ఎన్నిసార్లు పిలిచావని.

"నేను పిలవలేదమ్మా. పడంగానే నోట్లో నీళ్ళు పోయినయ్యి. ఆ రాయి దొరికిందాకా మునగతానే ఉన్నా. అరిచే సందెక్కడిది?"

ముఠా పెద్దామె అడ్డొచ్చింది. "దానికి గ్నాపకం లేదులేమ్మా. దానికి ఊళ్ళో అందరూ అత్తలే. అదే పిలిచుంటుంది."

రెండింట్లో ఏది నిజమో నేను తేల్చుకోలేదు. మునిగేవాళ్ళకి తాము అరిచిన అరుపు గుర్తుండకపోవచ్చు. ఆ పిలుపు నేను విన్నానన్నది మాత్రం నిజం. ఆ సాయంత్రం అత్తయ్యకి ఈ రెండు మాటలూ చెప్పాను. "పిలిచింది ఎవురైతే ఏమే? పిల్ల పడిందైతే నిజమేగా" అంది. అని, దీపం ఇంకొంచెం పెద్దది చెయ్యమంది.

ఊళ్ళో ఆమెని ఎవరూ మెచ్చుకోలేదు. ధైర్యవంతురాలు అన్న మాట అప్పుడు ఎవరి నోటా రాలేదు. "పలికింది" అన్నారు. పక్కింటి ముసలమ్మ మనవల్ని మా గడప తొక్కనివ్వలేదు. మజ్జిగమ్మే ఆమె మా ఇంటి ముందు గొంతు తగ్గించుకుని పోయేది. ఎదురుపడినవాళ్ళు ముందు నా కడుపు చూసేవాళ్ళు, తర్వాత దారి ఇచ్చేవాళ్ళు.

మా ఆయన గుంటూరు నుంచి వచ్చేసరికే దారిలో ఎవరో చెప్పేశారు. మంచం మీద కూర్చుని, "అమ్మా, పలికావంట" అన్నారు.

అత్తయ్య ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. బావిలో అంత వణికిన మనిషి అప్పుడు వణకలేదు.

"ముందు ఇంకొకటి చెప్పాలిరా నీకు. అది పోయిన నాడు కూడా నన్ను పిలిచింది. నాకు వినపడింది. నేను పలకలా."

ఆయన లేచి గొడ్లచావిట్లోకి వెళ్ళిపోయారు. అన్నానికి పిలిస్తే రాలేదు. అత్తయ్య గుమ్మంలోనే కూర్చుని ఉంది. కొడుకు ఇంక తన మొహం చూడడని ఆమె అనుకుంది. తెల్లవారి చూస్తే ఆయన లేరు. పార కూడా లేదు. నేను పొలానికి వెళ్ళి చూశాను. ఆయన బావి మెట్ల మీద మోకాళ్ళ మీద కూర్చుని పాచి గీకుతున్నారు. పై మెట్టు నుంచి మొదలుపెట్టి నీళ్ళ దాకా గీకారు. ఏడుస్తూ గీకారు. నన్ను చూసి కూడా ఆపలేదు. ఇంటికొచ్చి, "అన్నం పెట్టమ్మా" అన్నారు. తల్లీకొడుకుల మధ్య ఆ సంగతి గురించి నేను విన్న ఆఖరి మాట అది.

ఆ తర్వాత రెండు నెలలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. అత్తయ్య నా పక్కనే పడుకునేది. బిడ్డ కదిలిందా అని అడిగేది. నా కడుపు మీద చెయ్యి పెట్టి, కదలిక తగిలేదాకా తీసేది కాదు. ఒక్కోసారి బిడ్డ నిద్రపోయి చాలాసేపు కదిలేది కాదు. అప్పుడు ఆమె వేళ్ళు చల్లబడటం నాకు తెలిసేది. కంచం ముందు కూర్చునేది, రెండు ముద్దలు కలిపేది, లేచిపోయేది. చేతులకి గాజులు వదులయ్యాయి. ఒకరోజు అడిగాను.

"వెళ్ళకుండా ఉండాల్సిందని అనిపిస్తోందా అత్తయ్యా?"

"రోజూ అనిపిస్తోందే" అంది. "పొద్దున ఒకరకంగా అనిపిస్తుంది, మధ్యాన్నం ఒకరకంగా అనిపిస్తుంది. నీకేమన్నా అయితే నా మొహం మీ నాన్నకి ఎట్టా చూపిస్తా?"

నాకు ఓదార్చడం చేతకాలేదు. నాకూ అదే భయం. ఒకరి భయం ఒకరికి చెప్పుకుంటూ పడుకునేవాళ్ళం. అంతకంటే చేయగలిగింది ఏమీ లేదు. ఆ రెండు నెలల్లో ఆమె కళ్ళం పని ఒక్కరోజు మానలేదు. బావి దగ్గరికి మొదటిసారి వచ్చే కూలీలందరినీ తనే వెంటబెట్టుకుని వెళ్ళి, ఎక్కడ జారుతుందో చూపించేది. మిట్టమధ్యాహ్నమైనా వెళ్ళేది. వెళ్ళేముందు ప్రతిసారీ దణ్ణం పెట్టుకునేది.

తొలకరి పడ్డ రోజుల్లో నాకు నొప్పులు మొదలయ్యాయి. ఒక పగలు, ఒక రాత్రి గడిచినా కాన్పు కాలేదు. మంత్రసాని మొహం చూసి నేను సంగతి అర్థం చేసుకున్నాను. ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి గడప బయటే నిలబడ్డారు. లోపలికి ఎవరూ రాలేదు. వాళ్ళు దేనికోసం ఎదురుచూస్తున్నారో నాకు తెలుసు. అత్తయ్య నా తల వైపు కూర్చుని నా రెండు చేతులూ పట్టుకుంది. నేను గోళ్ళు దిగేలా పట్టుకుంటే ఆమె చర్మం చీరుకుపోయింది. "పట్టుకో, ఇంకా పట్టుకో" అంటూనే ఉంది.

తెల్లవారుతుండగా ఆడపిల్ల పుట్టింది. ముందు ఏడవలేదు. మంత్రసాని కాళ్ళు పట్టుకుని తలకిందులు చేసి కొట్టింది. మళ్ళీ కొట్టింది. అప్పుడు ఏడ్చింది. గట్టిగా, కోపంగా ఏడ్చింది. బయట ఉన్న ఆడవాళ్ళలో ముసలమ్మే ముందుగా లోపలికి వచ్చింది.

అత్తయ్య బిడ్డని చేతుల్లోకి తీసుకోలేదు. ఒకసారి వంగి చూసింది. వేళ్ళు లెక్కపెట్టింది. తర్వాత నా మొహం చూసింది, నుదుటి మీద చెమట కొంగుతో తుడిచింది. లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆ గదిలోంచి వంటిల్లు కనిపిస్తుంది. కుండలో రాత్రి అన్నం కంచంలోకి మొత్తం వంచుకుంది. గోంగూర పచ్చడి వేసుకుంది. నేల మీద బాసింపట్టు వేసుకుని, నా గోళ్ళ గాట్లున్న చేతులతో ముద్దలు కలుపుకుని తినడం మొదలుపెట్టింది. ముసలమ్మ ఏదో పలకరించింది. అత్తయ్య తల కూడా ఎత్తలేదు. పొద్దంతా నాగలి దున్ని వచ్చిన మనిషి తిన్నట్టు, కంచం ఖాళీ అయ్యేదాకా తింది.